రసీదు కింద నా సంతకం

1998లో ఒరిస్సా జ్యుడీషియల్ సర్వీసుకు ఎంపికైనట్టు ఉత్తరం అందేనాటికి నేను బరంపురంలో నాలుగు సంఘాల్లో ఉన్నాను. న్యాయవాదిని కనుక బార్ అసోసియేషన్ సరేసరి. మా తెలుగు సంఘానికి ఎన్నికైన సంయుక్త కార్యదర్శిని. వారానికొకసారి హోటల్లో కలిసి భోజనం చేసి, ఏడాదికి రెండుసార్లు కంటి శిబిరాలు నడిపే ఒక సేవా క్లబ్బులో సభ్యుణ్ణి. మా వీధి అమ్మవారి కోవెల కమిటీకి కోశాధికారిని. ఇవి కాక కుల సంఘం ఒకటి ఉండేది. దానికి నేను చందా కట్టిన గుర్తు లేదు గాని, మా నాన్నగారి తరువాత వారి జాబితాలో నా పేరు దానంతటదే చేరిపోయింది.

న్యాయాధికారి అయినవాడు వీటిలో దేన్ని వదులుకోవాలి, దేన్ని ఉంచుకోవచ్చు, వదులుకున్నా తెగకుండా మిగిలేది ఏమిటి అన్న ప్రశ్నలతో నేను దాదాపు పదేళ్ళు సతమతమయ్యాను. అందులో ఒక తప్పు కూడా చేశాను. పదవీ విరమణ చేసి కొన్నేళ్ళయింది, నేను చెప్పబోయే దావా అప్పీళ్ళతో సహా ఎప్పుడో ముగిసిపోయింది కనుక ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ ఊరి పేరు గాని, కక్షిదారుల పేర్లు గాని రాయను.

బరంపురంలో తెలుగు సంఘం అంటే ఏమిటో ఆంధ్రలో ఉన్నవారికి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అందులో కలిసింది. అంతవరకు ఊళ్ళో తెలుగు మాట్లాడడానికి సంఘం అవసరం లేదు. ఆ తరువాత అవసరమైంది. పిల్లలకు తెలుగు బడి, పెద్దలకు తెలుగు గ్రంథాలయం, ఉగాదికి పంచాంగ శ్రవణం, ఎవరైనా పోతే కర్మకాండకు సాయం — అన్నీ దాని చుట్టూనే తిరిగేవి. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి పుట్టింది మా ఊళ్ళోనేనని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు గుర్తుచేయకుండా ఉండరు. ఆయనా లాయరేనన్న మాట దాని వెనకే వస్తుంది. సంఘానికి లాయరు కావాలి. అర్జీ రాయాలన్నా, బడి మూసివేత మీద కలెక్టరు గారికి విన్నవించాలన్నా, చందాలు వసూలు చేసి లెక్క చూపించాలన్నా నమ్మకమైన సంతకం ఒకటి ఉండాలి. నేను ఆ సంతకం వంటివాణ్ణి.

ఉత్తరం వచ్చిన వారంలోనే రాజీనామాలు రాశాను. బార్ కౌన్సిల్‌కు సన్నదు (న్యాయవాదిగా పనిచేసే అనుమతి) నిలుపుదల కోసం దరఖాస్తు పెట్టడంతో బార్ అసోసియేషన్ సభ్యత్వం ముగిసింది. కోవెల లెక్కల పుస్తకం, రెండు తాళంచెవులు వారసుడికి అప్పగించి సంతకం తీసుకున్నాను. సేవా క్లబ్బు వారు ఒక వీడ్కోలు విందు ఇచ్చి వదిలిపెట్టారు. తెలుగు సంఘం అధ్యక్షులు మాత్రం కాగితం అందుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన రిటైరైన హైస్కూలు మాస్టారు, నాకు చదువు చెప్పినవారు.

“పదవి వదిలేస్తావు, సరే నాయనా. సభ్యత్వం కూడా వదిలేయాలని ఎవరన్నారు?”

ఎవరూ అనలేదు. నేనే ఆలోచించి, పదవికి రాజీనామా ఇచ్చి సాధారణ సభ్యత్వం ఉంచుకున్నాను. ఏడాదికి పాతిక రూపాయల చందా. దానివల్ల ఎవరికి ఏం నష్టమనుకున్నాను.

శిక్షణ కోసం కటక్ వెళ్ళినప్పుడు, మాకు పాఠం చెప్పడానికి వచ్చిన ఒక సీనియర్ జిల్లా జడ్జిగారు 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆమోదించిన న్యాయజీవన విలువల పత్రం ప్రతిని మాకు పంచారు. అందులో పదహారు అంశాలు. అవి పై కోర్టుల న్యాయమూర్తులు తమ కోసం తాము రాసుకున్నవే అయినా, దిగువ కోర్టు వాడికి కొలబద్ద వేరేగా ఉండదని ఆయన అన్నారు. మా ఉద్యోగానికి ప్రభుత్వ ప్రవర్తనా నియమావళి ఎటూ ఉంది, రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టు అదుపూ ఉంది. కాని సంఘాల సంగతిలో నాకు సూటిగా తగిలినవి ఆ పదహారు అంశాలే. రెండవ అంశం ప్రకారం న్యాయమూర్తి ఏ క్లబ్బుకు గాని, సొసైటీకి గాని, ఇతర సంఘానికి గాని పదవి కోసం ఎన్నికల్లో పోటీ చేయకూడదు. న్యాయశాస్త్రానికి సంబంధించిన సంఘంలో తప్ప ఎన్నికైన పదవిలో ఉండకూడదు. పద్నాలుగవది నిధుల సేకరణ: ఏ ప్రయోజనం కోసమైనా సరే చందాలు అడగరాదు, స్వీకరించరాదు, వసూలులో చురుగ్గా పాల్గొనరాదు. నేను దాన్ని రెండుసార్లు చదువుకుని ఊపిరి పీల్చుకున్నాను. సభ్యత్వం మాట ఎక్కడా లేదు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన సంఘ స్వాతంత్ర్యం న్యాయాధికారికి కూడా మిగిలే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ చలికాలంలోనే లండన్ నుంచి పినోషే వార్తలు వచ్చాయి. చిలీ మాజీ నియంతకు అరెస్టు నుంచి రక్షణ లేదని 1998 నవంబరు 25న అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు మూడు-రెండు ఆధిక్యతతో తీర్పు చెప్పారు. ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్, ఆ కేసులో వాదన వినిపించడానికి అనుమతి పొందిన మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు అనుబంధమైన ధార్మిక సంస్థకు డైరెక్టరు, అధ్యక్షుడు. జీతం లేదు, లాభం లేదు. ఆయన ఆ సంగతి కక్షిదారులకు చెప్పలేదు. డిసెంబరు 17న అదే సభకు చెందిన మరో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ తీర్పును రద్దు చేశారు. ఆయన పక్షపాతంతో వ్యవహరించారని ఎవరూ అనలేదు. ఆయన భార్య ఆమ్నెస్టీలో ఉద్యోగం చేస్తున్నా తీర్పు పడిపోవడానికి ఆధారమైంది అది కాదు. ఆయన సొంత పదవే. కేసును మళ్ళీ మొదటి నుంచి విన్న ఏడుగురు 1999 మార్చిలో మరింత పరిమితమైన కారణాలతో ఇంచుమించు అదే ఫలితానికి వచ్చారు. అంతటివాడు చెప్పడం మరచిన ఒక్క మాట వల్ల అన్ని నెలల శ్రమ రెండోసారి పడవలసి వచ్చింది. హాస్టల్ గదిలో మేము దాన్ని గురించి చాలా రాత్రివరకు వాదించుకున్నాము. నా వాదన ఒకటే: ఆయనది పదవి, నాది పాతిక రూపాయల సభ్యత్వం.

మొదటి పోస్టింగు నుంచే ఆహ్వానాలు మొదలయ్యాయి. మన తెలుగువాళ్ళలో సన్మానం, శాలువా, జ్ఞాపిక అనే మూడూ లేకుండా సభ జరగదు. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు సంఘం వారు బరంపురం పట్టు కండువా ఒకటి కప్పారు. బహుమతులు, ఆతిథ్యం కుటుంబం నుంచి, దగ్గరి బంధుమిత్రుల నుంచి తప్ప స్వీకరించకూడదని పదవ అంశం. కండువా వెంటనే తీసి మాస్టారి భుజాల మీదే కప్పాను; అందరూ చప్పట్లు కొట్టారు, వినయమనుకున్నారు. పోనీ అని ఊరుకున్నాను.

అంతకంటె కష్టమైంది కార్తీక మాసం. కుల సంఘం వారి వనభోజనాలకు ముఖ్య అతిథిగా రమ్మని మా మేనమామగారే స్వయంగా వచ్చి పిలిచారు. ఉసిరి చెట్టు కింద అన్నం తినడంలో తప్పేముందని అడిగారు. ఆయనకు నేను ఇచ్చిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు, ఎందుకంటే మన పదహారు అంశాల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. అమెరికాలో ఉంది. అక్కడి బార్ అసోసియేషన్ నమూనా నియమావళి ప్రకారం జాతి, లింగం, మతం వంటి వాటిని బట్టి మనుషులను అన్యాయంగా బయట ఉంచే సంస్థలో న్యాయమూర్తి సభ్యుడుగా ఉండకూడదు. వారు దాన్ని రాసుకున్నది వారి క్లబ్బుల కోసం. మన దగ్గర దాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తే కుల సంఘం తప్ప మరొకటి తోచదు. పుట్టుకను బట్టి సభ్యత్వం ఇచ్చే చోట వేదిక మీద కూర్చున్న న్యాయాధికారి, మరునాడు బోనులో నిలబడిన మరో కులం వాడికి ఏమని కనిపిస్తాడు? జాబితాలోంచి నా పేరు తీసివేయమని ఉత్తరం రాశాను. మేనమామగారు రెండేళ్ళు మాట్లాడలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు ఈనాటికీ రెండో ఆలోచన లేదు. కుల సంఘాల సభల్లో కూర్చునే న్యాయమూర్తుల ఫొటోలు పత్రికల్లో చూసినప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

ఆ నియమం చదివాక ఇంకొకటి కూడా స్ఫురించింది. నేను ఏళ్ళ తరబడి భోజనం చేసిన సేవా క్లబ్బులో ఆ రోజుల్లో ఒక్క స్త్రీ సభ్యురాలు లేదు. భార్యలకు వేరే విభాగం ఉండేది, వారు ముగ్గుల పోటీలు పెట్టేవారు. రోటరీ క్లబ్బులు స్త్రీలను చేర్చుకోవాలన్న చట్టం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే చెప్పిందన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. మా ఆవిడకు ఈ విషయం చెబితే, “ముగ్గులు మేమే వేశాము గదా, మీరు ఇప్పుడు చూశారా?” అంది. నా నియమాలు ఆమెకు వర్తిస్తాయా అన్న చర్చ కూడా మా ఇంట్లో జరిగింది. ఆమె మహిళా మండలిలో ఉంది, అలాగే కొనసాగింది. చందా పుస్తకం మాత్రం మా క్వార్టర్సు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. 2007లో నేను పూర్వపు కొరాపుట్ జిల్లా ప్రాంతంలో, తెలుగు వర్తకులు తరతరాలుగా స్థిరపడిన ఒక పట్టణంలో సివిల్ జడ్జిగా ఉన్నాను. సొంత జిల్లాకు దూరం కనుక చిక్కులు ఉండవనుకున్నాను. ఇద్దరు అన్నదమ్ముల మధ్య భాగపంపకాల దావా నడుస్తోంది. చనిపోయిన తండ్రి పెట్టిన ధాన్యం వ్యాపారం ఉమ్మడి కుటుంబానిదని వాది అయిన అన్న వాదన. కాదు, చివరి ఏళ్ళలో అది నా కష్టంతో నడిచిన సొంత వ్యాపారమని తమ్ముడి వాదన. కోర్టులో వాంగ్మూలాలు ఒడియాలో, పత్రాలు ఇంగ్లీషులో, వరండాలో మాటలు తెలుగులో. నా ఛాంబరు కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది. ఒక వాయిదా రోజున కిటికీ అవతల అన్నవైపు మనిషి ఎవరో అంటున్నాడు:

“ఏటి బెంగ నీకు? జడ్జిగారు మన సంఘం మనిషే.”

అన్నగారి కొడుకు మా బరంపురం సంఘం కార్యవర్గంలో ఉన్నాడని నాకు అప్పటికే లీలగా తెలుసు. నేను లేచి కిటికీ తలుపు వేశాను. అంతే చేశాను. సభ్యత్వం నిషిద్ధం కాదు, నాకు పదవి లేదు, ఆ కుర్రవాడితో పరిచయం లేదు అని మనసులో లెక్కలు వేసుకుని ఊరుకున్నాను. ఆ మాట విన్న రోజునే దాన్ని ఇరుపక్షాలకూ చెప్పవలసింది. రంజిత్ ఠాకూర్ కేసులో 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది: న్యాయనిర్ణేత ‘నాకు పక్షపాతం ఉందా’ అని తన మనసును తాను అడిగి సరిపెట్టుకోకూడదు, ఎదుట నిలబడిన కక్షిదారు మనసులోకి చూడాలి. దాన్ని నేను తీర్పుల్లో ఉదహరించాను కూడా. కిటికీ వేసిన రోజున గుర్తుకు రాలేదు.

మూడు నెలల తరువాత వాది తరఫు పత్రాలకు సాక్ష్యపు గుర్తులు వేస్తున్నాను. ఖాతా పుస్తకాలు, బ్యాంకు కాగితాలు, వ్యాపార పన్ను రసీదులు. వాటి మధ్య పసుపుపచ్చని చిన్న రసీదు ఒకటి, చెదలు కొరికిన అంచుతో. 1996, గ్రంథాలయ భవన నిధి, రూ. 2,501. దాత పేరు ఉండవలసిన చోట తండ్రిగారి పేరు, దాని పక్కన ‘అండ్ సన్స్’. కింద సంయుక్త కార్యదర్శి సంతకం. సంతకం నాది, రాత కూడా నాదే. తండ్రే తన వ్యాపారాన్ని కొడుకులందరిదిగా చెప్పుకున్నాడనడానికి సాక్ష్యంగా వాది న్యాయవాది ఆ రసీదును దాఖలు చేశారు.

ఆ రోజు నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. పై కప్పు కోసం చందాలకు గుణుపురం, రాయగడ, జయపురం తిరిగిన వేసవి అది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పేరు ఎలా రాయమంటారని అడిగితే “రాసెయ్యండి బాబూ” అని చేయి ఊపారు. ఆయన తన నోటితో ‘అండ్ సన్స్’ అనలేదు. ఆ రెండు ముక్కలూ నేను దుకాణం బోర్డు చూసి దింపానా, లేక ఆ వీధిలో సగం బోర్డుల మీద ఉన్న మాటే కనుక అలవాటుగా చేయి రాసేసిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. లక్షల ఆస్తి గురించిన వివాదంలో నేను న్యాయాధికారిని కాదు, సాక్షిని. వివాదాస్పదమైన వాస్తవం గురించి స్వయంగా తెలిసినవాడు ఆ కేసు వినకూడదని న్యాయమూర్తుల ప్రవర్తనపై అంతర్జాతీయంగా రూపొందిన 2002 నాటి బెంగుళూరు సూత్రాలు చెబుతున్నాయి. అవి లేకపోయినా, రసీదు రాసినవాడే దాని విలువ కట్టకూడదని ఏ సంత వర్తకుడైనా చెప్పగలడు.

పత్రానికి గుర్తు వేయకుండా పక్కన పెట్టి, ఆ రసీదు నేను రాసిందేనని, నేను ఇప్పటికీ ఆ సంఘంలో సభ్యుణ్ణని, వాది కుమారుడు దాని కార్యవర్గంలో ఉన్నట్టు తెలుసునని బహిరంగ కోర్టులో చెప్పాను. కిటికీ మాట కూడా చెప్పాను. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వాది న్యాయవాది లేచి తమకు అభ్యంతరం లేదన్నారు. ప్రతివాది న్యాయవాది కూడా లేచి, “మాకూ లేదు సార్, మీ మీద పూర్తి నమ్మకం ఉంది” అన్నారు. ఆయన వెనక తమ్ముడు చేతులు కట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. రోజూ నా ఎదుట ఇరవై కేసులు నడుపుకునే న్యాయవాది నా మొహం మీద నమ్మకం లేదని ఎలా అంటాడు? బల్ల మీద నుంచి అడిగి తీసుకున్న అంగీకారానికి విలువ ఎంతో ఆ మనిషి చూపు చెప్పింది. అమెరికా నియమావళిలో ఇలాంటి సందర్భానికి ఒక చక్కని ఏర్పాటు ఉంది: న్యాయమూర్తి, కోర్టు సిబ్బంది లేని చోట ఇరుపక్షాలూ మాట్లాడుకుని తమ నిర్ణయం చెబుతారు. మన దగ్గర అలాంటిది ఉంటే బాగుండుననిపించింది. అయినా నేను సాక్షినైన చోట వారి అంగీకారంతో పనిలేదు.

ఆ సాయంత్రమే ఆర్డరు షీటులో కారణాలన్నీ రాసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద దావాను మరో కోర్టుకు బదిలీ చేయవలసిందిగా జిల్లా జడ్జిగారికి పంపాను. సాధారణంగా మనవారు ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని ఒక్క ముక్క రాసి తప్పుకుంటారు. నేను అలా రాయదలచుకోలేదు. కారణం చెప్పకపోతే దాన్ని ఊహించే పని వరండా తీసుకుంటుంది.

బదిలీ ఉత్తర్వు రావడానికి రెండు నెలలు పట్టింది. కొత్త కోర్టు మరో పట్టణంలో కావడంతో ఇద్దరికీ బస్సు ఖర్చులు, మరో ఏడాది ఆలస్యం. నేను మొదటి రోజునే కిటికీ మాట బయటపెట్టి ఉంటే ఇందులో కొంతైనా మిగిలేది. ఆ భారం నాదే. బరంపురంలో మరో రకం గొడవ. ‘మనవాడై ఉండి సంఘాన్ని కోర్టుకు ఈడ్చాడు’ అని కార్యవర్గంలో అన్నారట. మాస్టారు అప్పటికి మంచాన ఉన్నారు. చూడడానికి వెళితే ఆయన దావా గురించి అడగలేదు. “రసీదు పుస్తకంలో నీ రాత బాగుండేది” అన్నారు.

ఆ ఏడాది సభ్యత్వానికి కూడా రాజీనామా ఇచ్చాను. గ్రంథాలయం కార్డు మాత్రం ఉంచుకున్నాను. న్యాయాధికారి అయినవాడు అన్ని సంఘాలనూ వదిలి గదిలో కూర్చోవాలని నా ఉద్దేశం కాదు. న్యాయమూర్తి కూడా అందరు పౌరుల్లాగే సంఘ స్వాతంత్ర్యం ఉన్నవాడేనని, పదవి గౌరవం చెడకుండా దాన్ని వాడుకోవాలని బెంగుళూరు సూత్రాలే అంటున్నాయి. మా వంటి చోట, భాషే అల్పసంఖ్యాకమైన చోట, చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరుగా నియమాల పేరిట తప్పుకుంటే గ్రంథాలయానికి తాళం పడుతుంది. ఇది నాకు తెలుసు. అయినా సంఘం చందాలు వసూలు చేసే ప్రాంతంలోనే నాకు కోర్టు ఉన్నంత కాలం, సంఘం పుస్తకంలో నా పేరు ఒక వైపు మనిషికి ధైర్యమూ మరో వైపు మనిషికి గుబులూ అవుతుంది. ఆ పేరు అక్కడ పాతిక రూపాయలకు ఉందా, పదవికి ఉందా అని వరండాలో ఎవరూ విచారించరు.

పదవీ విరమణ తరువాత మళ్ళీ సభ్యుడిగా చేరడానికి వెళ్ళాను. కార్యాలయంలో ఓ యువకుడు రసీదు పుస్తకం తెరిచి, నేను పేరు చెప్పేలోపే ‘రిటైర్డ్ జడ్జి శ్రీ’ అని రాయడం మొదలుపెట్టాడు. నేను ఆపి, ఆ కాగితం, దాని కింద కార్బన్ ప్రతి రెండూ అడ్డంగా కొట్టించి, రెండింటి మీదా ‘రద్దు’ అని రాయించి, కొత్త రసీదు తీసుకున్నాను. ఇప్పుడు చందా నూట యాభై.